అతుకు వేసిన నాడి

చలువ పట్టీని మొట్టమొదట కట్టుకున్న చెయ్యి సుచరితది. అప్పటికి దానికింకా పేరు కూడా పెట్టలేదు. ఖమ్మం బైపాస్ రోడ్డు మీద, కింద టైర్ల షాపూ పైన జిమ్మూ ఉన్న భవనంలో నడిమి అంతస్తు వాళ్ల ల్యాబు. అందులో ముగ్గురే మనుషులు. పెట్టుబడి తెచ్చేవాడూ, ఊరంతా తిరిగి మాట్లాడేవాడూ నరహరి. పట్టీలో తీగలూ దీపాలూ ఇంతియాజ్ పని. ఆ దీపాలు చెప్పే కబుర్లకి అర్థం చెప్పే ప్రోగ్రాము సుచరిత రాసేది. పరీక్ష కోసం ఎవరో ఒకరు కట్టుకు తిరగాలి కదా. నరహరికి చేతికి ఏం కట్టినా దద్దుర్లు. ఇంతియాజ్ చేతుల నిండా సోల్డరింగ్ కాలిన మచ్చలు. ఇక మిగిలింది ఆవిడే. రెండు ఎండాకాలాలు, మధ్యలో ఒక చలికాలం అది ఆమె మణికట్టు మీదే కాపురం చేసింది. నిద్రపోయినా, మెట్లెక్కినా, నరహరి మీద ఒళ్లు మండినా ఆ గుండె కొట్టుకున్న తీరంతా ల్యాబు కంప్యూటర్లో పోగుపడింది.

ఆ గుండెకొక చిన్న వంకర ఉంది. ఉండుండి ఒక దెబ్బ తప్పిపోయేది, ఆ వెంటనే రెండు దెబ్బలు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చేవి. డాక్టరు చూసి, ఇది నీ గుండె అలవాటమ్మా, భయపడాల్సిందేమీ లేదన్నాడు. మేనత్త ముత్తమ్మకి చెబితే పడీ పడీ నవ్వింది.

"చిన్నప్పుడు నడక కూడా గంతే కదనే నీది. ఒక అడుగు మానేసి రెండడుగులు దుంకేదానివి."

తల్లి పోయాక సుచరితని సాకింది ముత్తమ్మే. రేగులపాడులో మిరప కోతల ముఠాకి ఆమె పెద్ద. ఏ చేలో ఎప్పుడు దిగాలో, ఏ రైతుతో కూలి ఎంతకి తెగ్గొట్టాలో ఆమె నోటి మాటే. మగవాళ్ల పాత చొక్కా చీర మీద తొడుక్కుని, మొహం చుట్టూ తువ్వాలు బిగించి, చేతులకి కొబ్బరినూనె పూసుకుని ముందు సాలు పట్టిందంటే వెనక ముఠా అంతా ఉరుకులు పెట్టాల్సిందే. మనవలతో ఆడుకునే వయసులో ఇంకా ఎండలో ఎందుకత్తా అంటే, "ఇంట్ల కూసుంటే రోగాలొస్తయ్" అనేది. ఎవరు చెప్పినా వినే రకం కాదు.

పట్టీ ఊసే లేని రోజుల్లో ఒక ఏడాది మార్చిలోనే ఎండ మే నెల ఎండలా ముదిరింది. ముత్తమ్మ పక్క సాలులో కోస్తున్న మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూనే మిరప చెట్ల మధ్య ఒరిగిపోయింది. మంచినీళ్లు తెచ్చేలోపు ప్రాణం పోయింది. ఆ కబురు విన్న రోజున సుచరిత అన్నం ముద్ద ముట్టలేదు. రేపు ఆ సాలులో పడేది మా అత్తే అని మనసులో పడ్డాక ఇక ఆమెకి నిద్ర లేదు. చలువ పట్టీ పుట్టింది అందుకోసమే. తర్వాత నరహరి సభల్లో ఏమేం చెప్పాడో గానీ, అసలు సంగతి ఇది.

పట్టీ లోపలి వైపున ఒక చిన్న ఆకుపచ్చ దీపం ఉంటుంది. దాని వెలుగు చర్మంలోకి పోయి, కింద పారే రక్తాన్ని తాకి తిరిగొస్తుంది. తిరిగొచ్చిన వెలుగుని బట్టి నాడి, దానికి ఒంటి వేడి కలిపితే వడదెబ్బ ముంచుకొస్తోందో లేదో ముందే తెలిసిపోతుంది. బాగుంటే పైన నీలం దీపం, పక్కన నాడి అంకె. ప్రమాదమైతే ఎర్ర దీపం, అంటే వెంటనే నీడకి పొమ్మని. ఖరీదు కిలో మిరపకాయల కన్నా తక్కువ. అంత చవగ్గా చెయ్యాలంటే చాలా వదులుకోవాలి, వదులుకున్నారు. పెద్ద కంపెనీల వాచీల్లో ఉండే మిగతా రంగుల దీపాలు ఇందులో లేవు. ల్యాబు నుంచి పట్టీకి అప్పటికప్పుడు కబురు పంపే దారీ లేదు. పట్టీ తనకి తెలిసింది ల్యాబుకి చెబుతుంది, అంతే.

మొదటి విడత పట్టీలు ఊళ్లలోకి పోయిన వారానికే తలనొప్పి మొదలైంది. చెమట పట్టినా, దుమ్ము దూరినా, పట్టీ కాస్త వదులైనా వెలుగు సరిగ్గా తిరిగి రాదు. అప్పుడు రెండు దీపాలూ ఆరిపోయేవి. ఆడవాళ్లు దాన్ని విదిలించి, చెవి దగ్గర పెట్టుకుని, "ఈ వాచి సచ్చిపోయింది" అని బయట పారేసేవారు.

అందుకని సుచరిత అతుకు రాసింది. ప్రోగ్రాములో ఆ ముక్కకి ఆమె పెట్టుకున్న పేరు అది. చిరిగిన చోట అదే రంగు గుడ్డ అతుకు వేసినట్టు, నాడి అందని చోట అలాంటి ఎండలో, అలాంటి పనిలో ఉన్న మనిషి నాడి ఎలా ఉంటుందో చూసి ఆ ముక్క అక్కడ పెడుతుంది. ముక్కలు ఎక్కడివి? ల్యాబులో పోగుపడినవే. మొదట్లో నాలుగు ఊపిర్లు తీసేంత సేపటికి మించి అతుకు పడేది కాదు. అప్పటికీ అందకపోతే దీపాలు ఆరాల్సిందే.

"అంతవరకే ఉండనీ," అన్నాడు ఇంతియాజ్. "తెలియనప్పుడు తెలియదని చెప్పాలి మేడమ్."

"తెలియదని చెప్పే సరుకుని ఎవడు కొంటాడయ్యా?" అన్నాడు నరహరి.

సుచరిత ఆ రోజు ఇంతియాజ్ వైపే ఉంది. ఆమె మనసు మార్చింది నరహరి కాదు, ముత్తమ్మ. సెలవు రోజున రేగులపాడు పోతే, పట్టీ గోడ మేకుకి వేలాడుతోంది.

"నాకది పనిచెయ్యదే. ఎప్పుడు చూసినా సీకటే. అందరివీ ఎలుగుతయ్, నాదీ మన ముఠా బుచ్చమ్మదీ ఎలగవు. ముసలోళ్లంటే దానికి గిట్టదేమో."

ఎవరి కోసం చేసిందో ఆ మనిషే దాన్ని మేకుకి తగిలిస్తే సుచరితకి ప్రాణం ఉసూరుమంది. నూనె చేతులు, చెమట, వదులు పట్టీ, అంతకన్నా ఇంకేం ఉంటుందిలే అనుకుంది. తిరిగొచ్చి అతుకుకి ఉన్న గడువు తీసేసింది. ఈ ఒక్క సీజనుకే, వచ్చే ఏడు దీపం మారుద్దాం అని ఇంతియాజ్‌కి సర్దిచెప్పింది. ఆ పై వారం కొత్త ప్రోగ్రాము ఎక్కించిన పట్టీలు పట్టుకుని తనే స్వయంగా రేగులపాడు పోయి, అత్త చెయ్యి ఒళ్లో పెట్టుకుని, గాజులు పైకి జరిపి, పచ్చబొట్టు మీదుగా పట్టీ బిగించింది. మణికట్టు చుట్టూ దట్టంగా పొడిపించుకున్న పచ్చబొట్టు అది. తులసికోట, దాని పక్కన తేలు. చిన్నప్పుడు ఆ తేలు తోక మీద వేలు పెట్టి గీస్తూనే సుచరిత నిద్రపోయేది. నీలం దీపం వెలిగింది.

"ఓ యబ్బ," అంది ముత్తమ్మ. "ఇయ్యాల బతికింది."

చలువ పట్టీ వల్ల మేలు జరగలేదంటే కళ్లు పోతాయి. ఎర్ర దీపం చూసి చెట్టు కిందికి పోయి బతికినవాళ్లు ఇటుక బట్టీల్లో, రైలు పట్టాల పనుల్లో, మిరప చేలల్లో ఊరూరా ఉన్నారు. ఒకామె తన కొడుకుని వెంటబెట్టుకుని ల్యాబుకొచ్చి సుచరిత కాళ్లకి మొక్కబోయింది. ఆ కుర్రాడికి ఎర్ర దీపం వెలగకపోతే ఆ ఇంటి దీపం ఆరిపోయేదే. ఆ రోజు ఇంతియాజ్ కూడా కళ్లు తుడుచుకున్నాడు.

కానీ ఇంకోటి కూడా జరిగింది, అది ఎవరూ సభల్లో చెప్పలేదు. ఇదివరకు ఎండ నెత్తికెక్కితే ముఠాలు పని ఆపి చేను గట్టెక్కేవి. రైతు ఎంత మొత్తుకున్నా, మా వల్ల కాదయ్యా అని చెప్పి సద్ది మూటలు విప్పేవాళ్లు. ఇప్పుడు రైతు మణికట్ల వంక చూస్తున్నాడు. నీలంగానే ఉంది కదమ్మా, ఇంకో సాలు కానివ్వండి అంటున్నాడు. దానికి ఎదురు చెప్పడానికి ఆడవాళ్లకి మాట దొరకడం లేదు. రైతు దాకా ఎందుకు, ముత్తమ్మే అనేది ఆ మాట.

"మొన్న కండ్లు బైర్లు కమ్మినయే," అని చెప్పింది ఒకసారి ఫోన్లో, అదేదో తమాషా అయినట్టు. "కూసుందామనుకున్న. వాచి చూస్తే నీలంగనే ఉన్నది. ముసలితనమే గాని ఏం లేదని మళ్ల లేసిన. నువ్వు చేసింది అబద్ధమాడుతదా."

కళ్లు బైర్లు కమ్మితే నీలమెలా ఉందని సుచరిత అడగబోయింది. కానీ ఆ చివరి మాటకి మనిషి ఉబ్బిపోయింది. నీళ్లు బాగా తాగత్తా అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఏప్రిల్ మొదట్లో ఇంతియాజ్ ఒక వింత కనిపెట్టాడు. ఊళ్లలోంచి వచ్చే నాడుల్లో కొన్నింటికి ఒకే రకం వంకర. అన్నీ ఆడవాళ్లవే, అందరూ యాభై దాటినవాళ్లే, ఎక్కువ మంది మిరప చేలల్లో పనిచేసేవాళ్లే. మగవాళ్లలో లేదు, వయసు పిల్లల్లో లేదు.

నరహరి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పురుగుమందు. ఇన్నేళ్లు ఆ మందులు పీల్చి పీల్చి గుండెలు దెబ్బతిన్నాయి. ఇది ఎవరికీ తెలియని రోగమయ్యా. మన చవక పట్టీ పట్టుకుంది." అప్పటికప్పుడు ఇద్దరు ముగ్గురు పెద్దలకి ఫోన్లు చేశాడు. కింద బండి దగ్గర్నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. సుచరిత కూడా సంబరపడింది. అత్తని ఈ ఆదివారమే తీసుకొచ్చి పెద్దాసుపత్రిలో చూపించాలి అనుకుంటూ బజ్జీ తుంచింది. గోడ గడియారం పన్నెండు దాటింది. కిటికీ బయట తారు రోడ్డు కరిగి మెరుస్తోంది.

"చూపించడం ఎందుకు, వినిపిస్తా," అని ఇంతియాజ్ ఒక నాడిని చప్పుడుగా మార్చి స్పీకర్లో పెట్టాడు.

టక్. టక్. టక్. ఖాళీ. టకటక్.

సుచరిత చేతిలో బజ్జీ ప్లేటులోకి జారింది.

మళ్లీ వచ్చింది. టక్. టక్. ఖాళీ. టకటక్. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నప్పుడల్లా దిండులోంచి ఆమెకి వినిపించే చప్పుడది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్నది. అందులో పొరపాటు పడే అవకాశం లేదు.

"ఇది రోగం కాదు," అంది. "ఇంతియాజ్, ఇది నేను."

నరహరి నవ్వబోయి ఆగాడు. ఇంతియాజ్ మాత్రం ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, గబగబా కీబోర్డు మీద పడ్డాడు. ఆ ఆడవాళ్ల పట్టీల్లో అసలు నాడి ఎంత, అతుకు ఎంత అని విడదీసి చూశాడు. అసలు లేదు. కట్టుకున్న రోజు నుంచీ ఒక్క దెబ్బ కూడా అసలుది కాదు. మొదటి నుంచీ చివరిదాకా అతుకే.

"వెలుగు లోపలికే పోవట్లేదు," అన్నాడు. "చర్మం దగ్గరే ఏదో మింగేస్తోంది. మగవాళ్లలో లేదు, పిల్లల్లో లేదు. ముసలమ్మల మణికట్టు మీద ఏముంటుంది మేడమ్?"

సుచరిత వేలు బల్ల మీద దానంతటదే కదిలింది. తేలు తోక గీసింది.

"పచ్చబొట్టు," అంది.

ల్యాబులో ఎవరికీ పచ్చబొట్టు లేదు. వాళ్ల ముగ్గురి అమ్మలకీ, అత్తలకీ, నానమ్మలకీ ఉంది. రోజూ చూసిన చేతులే, ఆ చేతి అన్నం తిన్నవాళ్లే. పట్టీ తయారుచేసిన ఇన్నాళ్లలో ఒక్కరికీ అది గుర్తుకు రాలేదు. ఒంటి వేడి కూడా నాడి వేగం పెరిగితేనే పట్టీ లెక్కలోకి తీసుకుంటుంది, అలా రాసింది కూడా సుచరితే. ఏసీ గదిలో కూర్చున్న నలభై లోపు మనిషి నాడిని మండుటెండలో వంగిన ముసలమ్మల చేతుల మీద నీలం దీపంగా వెలిగించింది తన ప్రోగ్రాము.

సుచరిత కీబోర్డు లాక్కుంది. ముత్తమ్మ పేరు కొట్టింది. తెరమీద నీలం. నాడి ఎనభై రెండు. చేలోనే ఉంది. ఫోన్ చేసింది, మోగి మోగి ఆగిపోయింది. ఎందుకు ఎత్తుతారు? మిరప కోసే చేతుల్తో ఎవరూ ఫోన్ ముట్టుకోరు. ఆ ఘాటు ఫోన్‌కి అంటితే తర్వాత కళ్లలోకి పోతుంది. చేతులు కడుక్కునేదాకా ఫోన్లన్నీ గట్టు మీద సంచుల్లోనే. బుచ్చమ్మకి చేసింది, ఎత్తలేదు. రైతు నంబరు ఆమె దగ్గర లేదు.

"అన్నీ ఎర్రగా చెయ్యలేమా?" అన్నాడు నరహరి.

"ఇక్కణ్నుంచి ఏమీ చెయ్యలేం," అన్నాడు ఇంతియాజ్. "చవగ్గా చేశాం కదా సార్. మీరు ఊళ్లకి ఫోన్లు చెయ్యండి, సర్పంచులకి, రైతులకి, ఎవరు దొరికితే వాళ్లకి. పట్టీలు విప్పేసి నీడకి పొమ్మనండి. మేడమ్, పదండి, బండి తీస్తా."

రేగులపాడులో ఎవరూ ఫోన్ ఎత్తడం లేదని నరహరి కబురు పెట్టాడు. దారంతా సుచరిత ఫోన్ తెర మీద ముత్తమ్మ నాడి అంకె వంకే చూస్తూ కూర్చుంది. అది అబద్ధమని ఆమె కన్నా బాగా తెలిసినవాళ్లు లోకంలో లేరు. అయినా ఆ అంకె ఎనభై రెండు నుంచి ఎనభై నాలుగుకి పోయి మళ్లీ తగ్గినప్పుడల్లా ఆమె ప్రాణం కాస్త కుదుటపడేది. సిగ్గేసింది. అయినా చూడటం మానలేకపోయింది. అత్తకి ఏమీ కాదు, ఒక్కసారి నన్ను చేరనివ్వండి, చేతికున్నది విప్పి పారేస్తాను, ఇంటికి తీసుకుపోయి కూర్చోబెడతాను, కాళ్లు పట్టుకునైనా సరే అని ఎవరికన్నది తనకే తెలియకుండా మొక్కుకుంటూనే ఉంది.

చేను దగ్గర కోత ఆగిపోయి ఉంది. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల పక్కన, టార్పాలిన్ కట్టిన నీడలో ముఠా అంతా గుంపుగా కూర్చుని ఉంది. ఎవరూ ఏడవడం లేదు. అది చూసి సుచరితకి ఒక్కసారిగా బలం వచ్చింది. బండి ఆగకముందే దూకి పరుగెత్తింది.

ముత్తమ్మని గోనెసంచుల మీద పడుకోబెట్టారు. చొక్కా గుండీలు విప్పి, ఒళ్లంతా నీళ్లతో తడిపారు. తువ్వాలు తీసేస్తే జుట్టు మొహానికి అంటుకుని ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. పక్కన బుచ్చమ్మ తాటాకు విసనకర్రతో ఆపకుండా విసురుతోంది.

"వచ్చినవా బిడ్డా," అంది బుచ్చమ్మ. "సాలు చివర్ల కూలబడ్డది. ఊరి డాక్టరొచ్చి చెయ్యి పట్టి చూసి, నాడి లేదు పొమ్మన్నడు. మేం తిట్టి పంపినం. వాడికి దొరక్కపోతే లేనట్టా? వాచి చూడు, నడుస్తనే ఉన్నది. అంబులెన్సుకి చెప్పినం. నువ్వొచ్చి చూస్తే తెలుస్తదని అందరం కూసున్నం."

ముత్తమ్మ చేతి మీద నీలం దీపం వెలుగుతోంది. ఎనభై మూడు.

సుచరిత మోకాళ్ల మీద కూలబడి, అత్త మెడ పక్కన మూడు వేళ్లు ఆనించింది. జరిపి చూసింది. ఇంకో పక్క చూసింది. చెవి గుండెకి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. కొబ్బరినూనె వాసన, మిరపకాయ ఘాటు, తడిసిన గుడ్డ వాసన తప్ప అక్కడ ఏమీ లేదు. కళ్ల ముందు ఆ చెయ్యి, ఆ తేలు, దాని మీద పట్టీ. అంకె పక్కన చిన్న చుక్క నాడికి తగ్గట్టు మెరుస్తోంది. మెరిసింది, మెరిసింది, ఒకసారి తప్పింది, వెంటనే రెండుసార్లు తరుముకుంటూ వచ్చింది.

ముఠా అంతా దగ్గరికి జరిగింది. ఆమె నోటి మాట కోసం చూస్తున్నారు.

"లేదు పెద్దమ్మా," అంది. "అత్త లేదు."

"అట్లనకు. కొట్టుకుంటుంటే లేదంటవేందే? మరి ఇదెవరిది?"

"నాది."

బుచ్చమ్మకి అర్థం కాలేదు. ఎవరికీ అర్థం కాలేదు. సుచరిత పట్టీ విప్పింది. చాలాసేపు ఒరుసుకున్న చోట చర్మం తెల్లగా పాలిపోయి, తులసికోట మాత్రం నల్లగా తేలి కనిపించింది. విప్పిన పట్టీ ఆమె అరచేతిలో ఇంకో నాలుగైదు దెబ్బలు నీలంగా కొట్టుకుని, కొక్కెం ఊడి చేతికి లేనని అప్పుడు తెలుసుకుని ఆరిపోయింది. అప్పుడు లేచింది ఏడుపు. ఇంతసేపూ ఆపుకున్నదంతా ఒక్కసారే లేచింది. సుచరితకి మాత్రం ఏడుపు రాలేదు. నేనే చంపాను అని ఎవరితోనో చెప్పాలనిపించింది, ఎవరితో చెప్పాలో తెలియలేదు. ఇంతియాజ్ ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యకుండానే వెనక్కి తీసుకున్నాడు.

బుచ్చమ్మ ఏడవడం లేదు. విసనకర్ర కింద పెట్టి, తన మణికట్టు వంక చూసుకుంటోంది.

"నాకూ పొద్దుగాల్నుంచి కండ్లు తిరుగుతనే ఉన్నయ్ బిడ్డా," అంది మెల్లగా, తప్పు చేసినట్టు. "నీలంగనే ఉన్నది కదా అని..."

చెయ్యి చాపింది. గాజుల కింద, పట్టీ అంచులు దాటి, దట్టమైన పచ్చబొట్టు. సుచరిత ఆ చెయ్యి పట్టుకుంది. ఒక్క చెమట చుక్క లేదు, పెనంలా కాలిపోతోంది. వేళ్లు నాడి మీద పెట్టింది. లెక్కపెట్టడానికి కూడా అందనంత వేగంగా పరుగెత్తుతోంది అది.

"నీళ్లు పట్రండి," అని అరిచింది. "ఇంతియాజ్, బండి ఇటు తీసుకురా. ఈమెని పడుకోబెట్టండి. మీ అందరి చేతులకున్నవీ విప్పండి, ముందు విప్పండి."

బుచ్చమ్మ ఆమె ఒళ్లోకి ఒరిగిపోయింది. ఆమె చేతి మీద నీలం దీపం వెలుగుతూనే ఉంది. అందులో సుచరిత గుండె, ఏసీ గదిలో కూర్చుని, తాపీగా కొట్టుకుంటోంది.